అమ్మకు చదివి వినిపించిన వాగ్దానం

దేవుడి గురించి నాకు చిన్నప్పటి నుంచీ సొంత అభిప్రాయాలు ఉన్నాయి. వాటిని ఎవరూ అడగరు, నేను చెప్పడం మానను. ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక సందు మొదట్లో నాకు చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్లికార్డులు, గృహప్రవేశం కార్డులు, విజిటింగ్ కార్డులు, పుట్టినరోజు ఫ్లెక్సీలు చేస్తాం. పొద్దున వినాయకుణ్ణి, మధ్యాహ్నం సిలువను, సాయంత్రం నెలవంకను ఒకే మౌస్‌తో పట్టుకుని జరుపుతుంటాను. కార్డు పైన ఎవరుండాలో వచ్చినవాళ్లు చెబుతారు, ఎంత సైజులో ఉండాలో నేను నిర్ణయిస్తాను. ఇరవై ఏళ్లుగా ఈ పని చేసే మనిషికి కాస్త పొగరు రాకపోతే ఆశ్చర్యపోవాలి.

మేం పెరిగింది లాలాగూడ రైల్వే క్వార్టర్లలో. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. నన్ను ఒకసారి లోపలికి తీసుకెళ్లినప్పుడు మెట్లపైన అద్దాల గదిలో కూర్చున్న ఫోర్‌మన్‌ని చూపించాడు. ఆయన ఏ పనీ చేస్తున్నట్టు కనిపించలేదు కానీ కింద ఉన్నవాళ్లందరూ ఆయన చూస్తున్నాడనే పని చేస్తున్నారు. దేవుడంటే ఇదేనని ఆరోజే నాకు తెలిసిపోయింది. చర్చిలో ఆదివారం బడి టీచరుగారికి చెబితే ఆవిడ నన్ను మోకాళ్ల మీద నిలబెట్టింది. ఇంటర్‌లో ఉండగా దేవుడు లేడని కనిపెట్టాను. ఆ సంగతి ఇంట్లో ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుండగానే ఫలితాలు వచ్చాయి, లెక్కల్లో తప్పాను, దేవుడు మళ్లీ ఉన్నాడు. తిట్టుకోవడానికి ఒకరుండాలి కదా.

నలభై దాటాక కుదిరిన సిద్ధాంతం మాత్రం గట్టిది. అందులో దేవుడు మనిషికి స్వేచ్ఛ ఇచ్చి పక్కకు తప్పుకుంటాడు. ఎవరి నిర్ణయం వాళ్లది. దేవుడే చేయి పెట్టని చోట మనం చేయి పెట్టడం అపచారం. ఇది నేను బుధవారం ప్రార్థన కూడికలో చెప్పాను, పెళ్లికార్డు ప్రూఫు దిద్దుకుంటున్న పెళ్లికూతురి తండ్రికి చెప్పాను, మా ఆవిడకు చెప్పాను. ఈ సిద్ధాంతంలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. దాన్ని నమ్మితే ఎవరి కోసమూ ఏమీ చేయనక్కర్లేదు. అయితే అప్పట్లో ఆ సంగతి నాకు తెలియదు, తెలిసినట్టు ఒప్పుకునేవాణ్ణీ కాదు.

ఇక అమ్మ సంగతి. నాన్న పోయాక అమ్మ మాతోనే యాప్రాల్‌లో, రెండో అంతస్తు ఫ్లాటులో ఉంటోంది. గుంటూరు వైపు మనిషి. పెళ్లయి సికింద్రాబాద్ వచ్చి యాభై ఏళ్లు దాటినా ఆ యాస పోలేదు. పొద్దున్నే అయిదింటికి లేచి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని పరిశుద్ధ గ్రంథంలో వాక్యం చదువుకోవడం ఆవిడ జీవితంలో అన్నిటికంటే ముఖ్యమైన పని. ఆ తర్వాతే కాఫీ, ఆ తర్వాతే మనుషులు. ఆ గ్రంథాన్ని మొదటి నుంచి చివరిదాకా ఎన్నిసార్లు చదివిందో లెక్క లేదు. ప్రతి పేజీలోనూ ఎర్ర పెన్సిలు గీతలుంటాయి.

మూడేళ్ల కిందట ఆ అక్షరాలు అలుక్కుపోవడం మొదలైంది. కళ్లద్దాల షాపులో చూపిస్తే రెండు కళ్లలోనూ శుక్లాలు వచ్చాయి, ఆపరేషన్ చేయించండి, ఎక్కువ రోజులు ఆగకండి అన్నారు. అమ్మ వద్దంది. వాళ్ల అక్కకు ఎప్పుడో ఏదో ఊళ్లో కంటి ఆపరేషన్ చేస్తే ఉన్న చూపూ పోయింది. ఆ పెద్దమ్మ చివరి పదేళ్లూ గోడ పట్టుకుని నడవడం నేనూ చూశాను.

"దేవుడు చెప్పాలి. ఆయన చెబితే రేపే వెళ్తాను," అంది అమ్మ.

"నీ ఇష్టం అమ్మా. ప్రార్థన చేసుకో. ఏం చెబితే అది చేద్దాం," అన్నాను నేను.

ఎంత బాగా అన్నానో అని ఆ రాత్రి భోజనం దగ్గర మా ఆవిడకు మళ్లీ చెప్పి వినిపించాను కూడా. తల్లి విశ్వాసాన్ని గౌరవించే కొడుకులు ఈ రోజుల్లో ఎక్కడున్నారు? ఆ గౌరవం మూడేళ్లు నడిచింది. ఆ మూడేళ్లలో అమ్మ ముందు వార్తాపత్రిక మానేసింది, తర్వాత గుమ్మం దాటి కిందికి వెళ్లడం మానేసింది, ఒకరోజు పప్పులో ఉప్పు బదులు చక్కెర వేసి, ఇంక వంటగదిలోకి రావడం కూడా మానేసింది. మా ఆవిడ సెయింట్ ఏదో పేరున్న బడిలో టీచరు, మాటలు కొలిచి మాట్లాడే మనిషి.

"మీరు గట్టిగా చెప్తే అత్తయ్య వింటారండీ," అంది.

"బలవంతం చేయకూడదు. ఆవిడ స్వేచ్ఛ," అన్నాను.

"ఆ స్వేచ్ఛకి తలుపు గడియ కనిపించట్లేదండీ. పొద్దున బాత్‌రూమ్‌లోంచి బయటికి రాలేక పది నిమిషాలు తట్టారు."

నేను ఆలోచించాల్సిన విషయమే అని ఒప్పుకుని, ఆలోచించడానికి షాపుకు వెళ్లిపోయాను.

షాపులో నా ఉపన్యాసాలకు ఉన్న ఒకే శ్రోత మా కటింగ్ మిషన్ మీద పనిచేసే పెద్దాయన. అరవై దాటాయి. యాప్రాల్‌లో ఇంకా పొలాలున్న రోజుల నుంచీ అక్కడే ఉన్న కుటుంబం. పోచమ్మకు ఏటా బోనం తప్పని మనిషి. నేను స్వేచ్ఛ గురించి మాట్లాడుతుంటే ఆయన కాగితం దొంతి సర్ది బ్లేడు దింపుతుంటాడు. ఆ చప్పుడులో నా సగం వాక్యాలు తెగిపోయినా నాకు అభ్యంతరం ఉండేది కాదు. ఒకరోజు ఆయన మిషన్ ఆపాడు.

"సార్, ఏమనుకోకుండ్రి గని. మీ అమ్మకు కండ్లు కనిపిస్తలేవు. దవఖానకు పట్టుకపోతే అయిపాయె గదా. గింత సోచాయించుడెందుకు?"

"అది ఆమె నిర్ణయం. దేవుడు కూడా..."

"గా ముచ్చట్లు నాకు తెల్వయి సార్. పోయినేడు నా కాలు ఇరిగిన్నాడు మా తమ్ముడు నన్ను భుజమ్మీద ఏస్కొని దవఖానకు ఉరికిండు. పోచమ్మ తల్లి పంపిందా, ఆడే వచ్చిండా అని నేను అడగలే. నాకు నొప్పి లేస్తుండె."

ఈయనకు తాత్విక దృష్టి లేదు అని మనసులో అనుకుని, ఆయన వాదనలో లోపం ఎక్కడుందా అని వెతికాను. ఇప్పటికీ దొరకలేదు.

డిసెంబరులో ఒక ఉదయం మంచినీళ్ల కోసం త్వరగా లేచాను. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఒళ్లో పుస్తకం తెరిచి ఉంది. చూపుడు వేలు పేజీ మీద ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా కదులుతోంది, పెదవులు కదులుతున్నాయి. చూపు కాస్త నయమైందేమో అనుకుని దగ్గరికి వెళ్లాను. పుస్తకం చివర రంగుల పటాలు ఉంటాయి కదా, ఎడారీ సముద్రమూ ఉన్న ఆ పటం మీద వేలు పెట్టి, కంఠతా వచ్చిన వాక్యాలు చదువుకుంటోంది. ఏ పేజీ తెరిచిందో ఆవిడకు తెలియదు. నేను వెనక్కి వచ్చి వంటగదిలో నిలబడ్డాను. ఏడుపొచ్చింది. నీళ్లు తాగడానికే వచ్చానన్న సంగతి మరిచిపోయి మళ్లీ వెళ్లి పడుకున్నాను.

ఇలాంటప్పుడు మామూలు కొడుకు ఏం చేస్తాడు? తెల్లారగానే చేయి పట్టుకుని, "పద అమ్మా, ఆటో పిలిచాను," అంటాడు. నేను మామూలు కొడుకును కాదు, సిద్ధాంతం ఉన్న కొడుకును. అమ్మకు నేను చెప్పకూడదు, దేవుడు చెప్పాలి. కాబట్టి దేవుడి చేత చెప్పించాలి. నాకు తట్టిన ఉపాయం వినండి.

మా చర్చి సంఘంలో జనవరి ఒకటో తేదీ ఉదయం ఆరాధనలో వాగ్దాన కార్డులు తీస్తారు. ఒక పళ్లెంలో చిన్న చిన్న కార్డులు బోర్లించి పెట్టి వరసల వెంట తిప్పుతారు. ఒక్కొక్కరు కళ్లు మూసుకుని ఒకటి తీసుకుంటారు. ఎవరికి ఏ వాక్యం వస్తే అది ఆ ఏడాదంతా వాళ్లది. దాన్ని బీరువా అద్దానికో, ఫోను కవరు వెనకో, బండి ట్యాంకు మీదో పెట్టుకుంటారు. ఉద్యోగం మారాలా, సంబంధం ఖాయం చేసుకోవాలా అన్న సందేహాలు ఆ కార్డు దగ్గరే తేలిపోతాయి. మా పాస్టరు అయ్యగారు వాక్యాలు ఎంచి ఇస్తారు, కార్డులు కొట్టేది నేను. పూల బార్డరు నాదే. సగానికి పైగా కార్డుల్లో తెల్లటి పావురం కూడా నాదే. పళ్లెం పట్టుకుని వరసల వెంట తిరిగేదీ నేనే, ఎందుకంటే మిగతా సంఘపెద్దలకు మోకాళ్ల నొప్పులు.

అయ్యగారు ఇచ్చిన వాక్యాల్లో కళ్లు తెరిపించడం గురించి ఒకటి ఉంది. దాన్ని ఒక్కటి అదనంగా కొట్టి, మూల కొద్దిగా మడిచి గుర్తు పెట్టుకున్నాను. అమ్మ దగ్గరికి రాగానే దాన్ని పైకి జరిపితే సరి. దేవుడు పక్కకు తప్పుకున్నాడని ఊరంతా చెప్పే మనిషిని, ఆ ఖాళీ సీట్లో నేనే సర్దుకుని కూర్చుంటున్నానన్న సంగతి నాకు ఏమాత్రం తట్టలేదు.

ఒకటో తేదీన పళ్లెం పట్టుకుని ఆడవాళ్ల వైపు రెండో వరసకు వచ్చాను. మూల మడిచిన కార్డును బొటనవేలితో పైకి తెచ్చి అమ్మ చేతి కింద పెట్టాను. అమ్మ కళ్లు మూసుకుంది. ఆమె వేళ్లు పైనున్న కార్డును పక్కకు నెట్టి, అడుగుదాకా దూరి, అక్కడి నుంచి ఒకటి లాగాయి. సంతలో వంకాయలు కొనేటప్పుడు కూడా ఆవిడ పైవి ఎప్పుడూ తీసుకోదు. నలభై ఏళ్లకు పైగా ఆ చేతి వంట తిన్న నాకు ఇది ముందే తెలిసి ఉండాల్సింది. నేను గుర్తు పెట్టిన కార్డును పక్కన కూర్చున్న ఒక ఆంటీ తీసుకుంది. ఆవిడ దాన్ని చదువుకుని కన్నీళ్లు పెట్టుకుని, ఆ వారమే వెళ్లి కొత్త కళ్లద్దాలు చేయించుకుంది.

ఆరాధన అయ్యాక అమ్మ బయట సిమెంటు అరుగు మీద కూర్చుని కార్డు నా చేతికిచ్చింది.

"చదువు నాన్నా."

చదివాను, మనసులోనే. తొందరపడకుండా ఓపికతో ఎదురుచూడమనే అర్థం వచ్చే వాక్యం అది. ఇప్పటికి మూడేళ్లు ఎదురుచూసిన మనిషికి ఇంకో ఏడాది. అయ్యగారు ఇచ్చిన అన్ని వాక్యాల్లో ఇదే రావాలా? దాని పక్కన నా పావురం రెక్కలు చాపుకుని నన్ను చూస్తోంది.

తర్వాత ఏం జరిగిందో నాకే సరిగ్గా తెలియదు. నా గొంతు నాకే వినపడింది.

"భయపడకుము. వైద్యుని చేతిని నేను పట్టుకొందును. నీ కన్నులకు వెలుగు తిరిగి ఇత్తును."

చిన్నప్పటి నుంచీ వింటున్న భాష కాబట్టి ముక్కలు వాటంతట అవే అతుక్కున్నాయి. అమ్మ తల కొద్దిగా పక్కకు వంచి వింది.

"ఎక్కడిది నాన్నా అది?"

ఇది నేను ఊహించలేదు. నోటికొచ్చిన ఒక ప్రవక్త పేరు చెప్పాను. అధ్యాయం పదకొండు, వచనం ఆరు అన్నాను.

పక్కన జనం కొత్త సంవత్సరం శుభాకాంక్షలు చెప్పుకుంటూ కేకు ముక్కలు తింటున్నారు. అమ్మ కార్డు వెనక్కి తీసుకుని పర్సులో పెట్టుకుంది.

"సరే. తీసుకెళ్లు," అంది.

నాకు గెంతాలనిపించింది. భయం కూడా వేసింది. ఆపరేషన్ చెడితే? ఇప్పుడు తప్పు ఎవరిది అవుతుంది? మూడేళ్లు నేను స్వేచ్ఛ స్వేచ్ఛ అంటూ తప్పించుకున్నది ఈ ప్రశ్న నుంచేనని ఆ అరుగు మీద మొదటిసారి కాస్త లీలగా అర్థమైంది. కేకు తెచ్చుకుని తిన్నాను, ఆ అర్థం కావడం ఆగిపోయింది.

నెలాఖరులో ముందు కుడి కన్నుకు చేశారు. లోపలికి వెళ్లేముందు అమ్మ నా చేయి పట్టుకుని ప్రార్థన చేసింది. బయట కుర్చీలో కూర్చుని నేనూ ప్రార్థన చేశాను. పక్కకు తప్పుకున్న దేవుణ్ణి పేరు పెట్టి పిలిచి, ఒక్క అరగంట ఇటు రమ్మని బతిమాలాను. సిద్ధాంతం సంచిలో ఎక్కడో అడుగున ఉండిపోయింది.

మర్నాడు కట్టు విప్పారు. అమ్మ ముందు గోడ మీది క్యాలెండరు చూసింది, తర్వాత నర్సు జేబుకున్న పేరు చీటీ చూసింది, తర్వాత నా వైపు చూసింది.

"ఇంత లావయ్యావేంట్రా?" అంది.

ఆ సంతోషంలో డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి చెప్పిన మాట సరిగ్గా వినబడనట్టు నటించాను. ఎడమ కన్నులో శుక్లం బాగా ముదిరి లోపల ఒత్తిడి పెరిగింది, నరం దెబ్బతింది, దానికీ చేయాలి, త్వరగా చేయాలి, కానీ ఎంత చూపు వస్తుందో చెప్పలేను అన్నారాయన. "రెండేళ్ల ముందు తీసుకొచ్చి ఉంటే బాగుండేదండీ," అన్నారు. ఆటోలో అమ్మ అడిగితే, రెండోదాని గురించి తర్వాత చూద్దామన్నారు అని చెప్పాను. తర్వాత చూద్దాం అన్నది డాక్టరు కాదు. ఆ మాట నాది.

ఇంతలో నాకు వేరే దిగులు పట్టుకుంది. అమ్మకు కళ్లద్దాలు రాగానే చేసే మొదటి పని చదవడం. పర్సులో ఆ కార్డు ఉంది. ఓపికతో ఎదురుచూడమన్న కార్డు! నేనేం చేశానంటే, షాపులో కూర్చుని అదే పూల బార్డరు, అదే పావురం, అదే అక్షరాల సైజుతో నేను కల్పించిన వాక్యాన్ని కంపోజు చేశాను. కింద ప్రవక్త పేరు, పదకొండు, ఆరు. ఒక్క కార్డు ప్రింటు తీసి కటింగ్‌కు ఇచ్చాను.

"గీ ఒక్కదానికి మిషన్ షురూ చేయాల్నా సార్? కత్తెరతోని కోసుకోరాదు?" అన్నాడు పెద్దాయన.

"అంచు సరిగ్గా రావాలి."

ఆయన కార్డును ఒకసారి చూశాడు, నన్ను ఒకసారి చూశాడు. బ్లేడు దించాడు. నేను దాన్ని లామినేషన్ కూడా చేశాను. అమ్మ స్నానానికి వెళ్లినప్పుడు పర్సులో పాతది తీసి కొత్తది పెట్టాను. పని శుభ్రంగా చేశానన్న గర్వం కూడా కలిగింది. వృత్తి అలాంటిది.

కళ్లద్దాలు వచ్చిన ఆదివారం అమ్మ, దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెబుతానని చేయి ఎత్తింది. మైకు ఇచ్చారు. నేను పక్కన స్పీకరు తీగలు సర్దుతున్నాను.

"ఒకటో తారీఖున నా కొడుకు నాకొక మాట చదివి వినిపించాడు. ఆ మాట విని ఆపరేషన్‌కి వెళ్లాను. ఇప్పుడు అందరూ కనిపిస్తున్నారు. అయ్యగారూ, మీ జుట్టంతా తెల్లబడిపోయిందండీ," అంది అమ్మ.

జనం నవ్వారు. అయ్యగారు కూడా నవ్వి, "దేవునికి స్తోత్రం. ఏ వాక్యం అమ్మా అది?" అని అడిగారు.

"మావాణ్ణి అడగండి. వాడికే బాగా తెలుసు," అంది అమ్మ.

అందరూ నా వైపు తిరిగారు. ఆ కార్డుల వాక్యాలన్నీ ఎంచిన మనిషి కూడా తిరిగారు. నేను తీగ చివర పట్టుకుని, అది తెగిందేమో పరీక్షిస్తున్నట్టు మొహం పెట్టి, దాని వెంటే నడుచుకుంటూ బయటికి వెళ్లిపోయాను. ఆరాధన అయ్యేదాకా బండి దగ్గరే నిలబడ్డాను.

ఇంటికి వచ్చి భోజనాలు అయ్యాక అమ్మ నన్ను కిటికీ దగ్గరికి పిలిచింది. ఒళ్లో పుస్తకం, పుస్తకం మీద లామినేషన్ చేసిన కార్డు.

"బాగా కొట్టావు. పావురం ముచ్చటగా ఉంది," అంది.

"ఏ కార్డమ్మా?" అన్నాను.

"ఆ ప్రవక్త రాసింది మొత్తం నాలుగు అధ్యాయాలు నాన్నా. పదకొండోది నువ్వు రాశావు."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఎక్కడ చూడాలో తెలియక పావురాన్ని చూశాను.

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు చదువుతుండగానే తెలిసింది. పోయింది నా కళ్లే కదరా, చెవులు బానే ఉన్నాయి. ఆ పుస్తకంలో నాకు తెలియని వాక్యం ఎక్కడుంటుంది?"

"మరి ఎందుకు సరేనన్నావు?"

అమ్మ కళ్లద్దాలు తీసి పైట చెంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది.

"మూడేళ్ల నుంచి నీ ఇష్టం అమ్మా, నీ ఇష్టం అమ్మా అంటున్నావు. నాకు భయంగా ఉందిరా. మా అక్కను చూశాను కదా. భయపడేదాన్ని పట్టుకుని నీ ఇష్టం అంటే అదేం మాట? ఒక్కసారి, పద అమ్మా, నేనున్నాను అంటావేమో అని చూశాను. నువ్వు అనలేదు. దేవుడు చెప్పాలి అన్నాను. ఆయన కూడా ఏమీ అనలేదు. ఆరోజు నువ్వు అబద్ధం చదువుతుంటే నీ గొంతు వణికింది. పోనీలే, వీడు ఇన్నాళ్లకు నా కోసం ఏదో ఒకటి చేశాడు అనుకున్నాను."

నాకు సిగ్గేసింది. అది చిన్న మాట, కానీ ఇంకో మాట లేదు. నా గౌరవం, నా స్వేచ్ఛ, బుధవారం కూడికల్లో నేను చెప్పినవన్నీ ఆవిడకు ఎలా వినిపించాయో ఇప్పుడు తెలిసింది. తల్లి చేయి పట్టుకుని ఆసుపత్రికి నడిపించడానికి జంకిన మనిషి, ఆ పని తప్పించుకోవడానికి ఏకంగా లేఖనాలకు ఒక అధ్యాయం అంటించాడు.

"రెండో కన్ను గురించి డాక్టరు ఏమన్నాడు?" అంది అమ్మ. "ఈసారి నిజం చదువు."

చెప్పాను. నరం సంగతి, ఒత్తిడి సంగతి, రెండేళ్ల ముందు వచ్చి ఉంటే అన్న సంగతి, ఏదీ దాచలేదు. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ వింది. వంటగదిలో మా ఆవిడ గిన్నెలు సర్దడం ఆపేసింది.

"అయితే ఈ ఆలస్యం ఎవరిదిరా? దేవుడిదా?"

నా దగ్గర దీనికి పనికొచ్చే సిద్ధాంతాలు కనీసం మూడు ఉన్నాయి. మూడింటినీ పక్కన పెట్టాను.

"నాదే అమ్మా."

"కొంత నాది కూడాలే. నేనూ ఆయన పేరు చెప్పి కూర్చున్నాను," అంది.

ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగని మాట అప్పుడు అడిగాను.

"ఎడమ కన్నుతో ఇప్పుడు ఎంత కనిపిస్తుందమ్మా?"

అమ్మ కళ్లద్దాలు తీసింది. కుడి కన్నును అరచేత్తో మూసుకుని నా వైపు తిరిగింది. మా ఇద్దరి మధ్య రెండడుగుల దూరం కూడా లేదు. చాలాసేపు చూసింది.

"ఎవరో ఉన్నారని తెలుస్తోంది," అంది. "ఎవరో తెలియడం లేదు."

"రేపు పొద్దున్నే వెళ్దాం అమ్మా," అన్నాను. "నేను తీసుకెళ్తాను."